పాత నిశ్శబ్దం

చంటికి మీసాలొచ్చి, ఆ మీసాల్లో ఒకటీ అరా తెల్లబడుతున్నా ఆ ముద్దుపేరు మాత్రం వదల్లేదు. ఇంట్లో అక్క పిలిచే పేరది. అక్కను చేసుకున్న బావ ఆఫీసులో కూడా అదే పేరుతో కేకేస్తుంటే, చివరికి మేనేజరుతో సహా అందరికీ అలవాటైపోయింది. బావా, బావమరిదీ ఒకే కంపెనీలో, ఒకే గదిలో, ఒకే పొడుగాటి బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని పనిచేసేవాళ్లు. బావది బోర్డు పని, చంటిది ప్రోగ్రాం పని. ఇద్దరూ ఎంత కలిసి తిరిగినా, ఏదైనా తప్పు తేలిందంటే చాలు, అది బల్లకి అవతలి వైపు మనిషిదే అని ఇద్దరికీ గట్టి నమ్మకం.

వాళ్లు తయారుచేసేది గనుల్లో పెట్టే హెచ్చరిక పెట్టె. సొరంగం కప్పు కూలే ముందు రాయి ఊరికే ఉండదు. మనిషి చెవికి అందనంత సన్నగా చిటపటమంటుంది. ఆ చిటపటలు చిక్కబడ్డాయంటే కప్పు ఇక ఎంతోసేపు నిలవదని అర్థం. రాతికి బెజ్జాలు వేసి అమర్చిన సెన్సార్లు ఆ చప్పుళ్లను పట్టి బావ బోర్డుకి అందిస్తాయి. దాని మీద ఉండేది ఎఫ్‌పీజీఏ అనే చిప్పు, లోపలి అల్లికను ఎన్నిసార్లైనా మార్చి రాసుకోగల చిప్పు. ఆ బోర్డు కంప్యూటర్లో, అదనపు బోర్డులు గుచ్చే పీసీఐ స్లాటులో కూర్చుని, వచ్చిన చప్పుళ్లను అంకెలుగా మార్చి, మెషీను మెమరీలో నేరుగా పెట్టేస్తుంది. పెట్టాక ఒక గంట కొడుతుంది. చంటి రాసిన డ్రైవర్ ప్రోగ్రాం ఆ గంట విని, మెమరీలోకి వెళ్లి చూసి, చప్పుళ్లు చిక్కబడ్డట్టు అనిపిస్తే గనిలో సైరన్ మోగిస్తుంది.

"నా బోర్డు సరుకు తెచ్చి మీ వంటింట్లో పెట్టి, బయటికెళ్తూ గుమ్మం దగ్గర గంట కొట్టి పోతుంది. లేచి వెళ్లి చూసుకోవడం మీ ఇంటివాళ్ల పని," అనేవాడు బావ, కొత్తగా చేరినవాళ్లకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా. "మీ ఇంటివాళ్లు" అంటే చంటి అని అందరికీ తెలుసు.

ఆ పెట్టెలు మూడు గనుల్లో పెట్టారు. మొదటి గని నుంచే ఫిర్యాదు వచ్చింది. అక్కడి సాంకేతిక సిబ్బంది రికార్డులు తిరగేస్తుంటే, ఒకచోట అంకెల ముక్క ఒకటి రెండుసార్లు కనిపించిందట. అచ్చు గుద్దినట్టు అవే అంకెలు, వెంటవెంటనే. వారానికి ఒకటో రెండో అలా దొర్లుతున్నాయి. ల్యాబ్‌లో ఎంత తిప్పినా ఒక్కటీ రాలేదు.

"బోర్డే పాత ముక్కని మళ్లీ పంపుతోంది," అన్నాడు చంటి.

"నా బోర్డు ఒకసారి పంపింది మళ్లీ పంపదురా. పంపాలన్నా దాని దగ్గర ఉండదు. నీ డ్రైవరే చూసిందే చూస్తోంది."

"గంట మోగితేనే చూస్తుంది బావా. గంట కొట్టేది ఎవరు?"

ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గిన్నెలో పడేసింది. "ఇంకొక్కసారి ఆ పీసీఐ మాట ఎత్తితే ఇద్దరి కంచాలూ తీసేస్తా. తప్పు ఎవరిదో తేలకపోతే కొంపలేం మునిగిపోవుగా." బావ నవ్వి, మీ తమ్ముడికి చెప్పు అన్నాడు. చంటి తల వంచుకుని తిన్నాడు గానీ, పట్టిన పట్టు మాత్రం వదల్లేదు. సోమవారం మేనేజరు ముందు కూడా అదే మాట ఖాయం చేసి చెప్పాడు. ప్రోగ్రాం తను మొదటి నుంచి చివరిదాకా చూశాననీ, అందులో ఏ దోషం లేదనీ, బోర్డునే అక్కడికి వెళ్లి కొలవాలనీ.

చూసిన మాట నిజమే. ఉన్నదంతా చూశాడు. అందులో లేని దాన్ని చూడడం అతనికి తట్టలేదు.

బావ కొలిచే పరికరాలు సంచిలో సర్దుకుని గనికి బయల్దేరాడు. పెట్టె ఉన్నది నేల మీద కాదు, లోపల, రాయి కొట్టే చోటికి దగ్గర్లో గోడలో తొలిచిన గూట్లో. వెళ్తూ వెళ్తూ చంటి వీపు మీద ఒక్కటిచ్చాడు. "అక్కడ నా బోర్డు తప్పు లేదని తేలితే, నెల్లాళ్లు నువ్వే నాకు టీ పట్టుకొచ్చి ఇవ్వాలి బామ్మర్దీ."

"తేలనీ చూద్దాం," అన్నాడు చంటి, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా.

మర్నాడు మధ్యాహ్నం కప్పు కూలింది. గూటి దగ్గర ఉన్న బావా, పక్కనే డ్రిల్లు పట్టుకున్న ఇద్దరు పనివాళ్లూ రాళ్ల కింద పడి చనిపోయారు. సైరన్ మోగలేదు. గని మేస్త్రీ ఫోన్లో ఆ మాటే రెండుసార్లు చెప్పాడు. "మోగలేదు సార్. నేను అటువైపే ఉన్నాను. మోగి ఉంటే వినేవాణ్ణి. మోగలేదు." చంటి ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరో వచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కకి చెప్పాల్సింది తనేనని గుర్తొచ్చాక లేచాడు.

అక్క తలుపు తీసి, అతని ముఖం చూసి, ఇంకేం అడక్కుండా లోపలికెళ్లి చెప్పులేసుకుని వచ్చింది. "పద," అంది. గని ముంగిట, బట్ట కప్పి పడుకోబెట్టినవాళ్లలో ఎవరు తన మనిషో కాళ్లు చూసి పోల్చుకుంది. అప్పుడు కూలబడింది.

కర్మకాండలన్నీ అయిపోయాక చంటి ఆఫీసుకి వెళ్లాడు. బల్ల అవతలి వైపు బావ కళ్లజోడు పెట్టె, సగం విప్పిన ఒక బోర్డు, మూత తీసి వదిలేసిన పెన్ను అలాగే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. పనిలో పడితే ధ్యాస మళ్లుతుందని మేనేజరు అన్నాడు. చంటికి ఉన్న ధ్యాస ఒక్కటే. గనిలోని కంప్యూటరూ, ల్యాబ్‌లోని కంప్యూటరూ ఒకటి కావన్న సంగతి మొదటిసారి పట్టించుకుని ఆలోచించాడు. ల్యాబ్‌లోది కొత్తది. గనుల్లో పెట్టినవి దుమ్ముకీ తేమకీ తట్టుకునే పాత రకం మొరటు మెషీన్లు. స్టోరులో మూల పడున్న ఆ రకం మెషీన్ ఒకటి దులిపి తెచ్చి, అందులో బోర్డు గుచ్చాడు. బోర్డు పంపే ప్రతి ముక్కకీ ఒక వరస అంకె వేసి, డ్రైవర్ ఏ అంకె చదువుతోందో పక్కనే రాయించాడు.

సాయంత్రం అయ్యేలోపే దొరికింది. గంట మోగింది, డ్రైవర్ చూసింది, మెమరీలో పాత ముక్కే ఉంది. కొత్త ముక్క ఆ తర్వాత, కనురెప్ప పాటులో పదో వంతు కూడా లేనంత ఆలస్యంగా వచ్చి పడింది. దాన్ని ఎవరూ చూడలేదు.

బోర్డు పంపింది మళ్లీ పంపదన్న బావ మాటా నిజమే, గంట మోగితేనే డ్రైవర్ చూస్తుందన్న చంటి మాటా నిజమే. ఆ పాత మెషీన్లలో పీసీఐ స్లాటుకీ మెమరీకీ మధ్య ఒక వంతెన చిప్పు ఉంటుంది. బోర్డు పంపిన సరుకు ఒక్కోసారి ఆ వంతెన మీద కాసేపు ఆగుతుంది. గంటకి వేరే తీగ ఉంది, అది ఎక్కడా ఆగదు. అందుకని గంట ముందొచ్చి సరుకు వెనక వస్తుంది. దీనికి మందు కూడా పాతదే, ఈ పని తెలిసినవాళ్లందరూ చేసేదే. గంట వినగానే మెమరీ చూడకుండా, ముందు బోర్డుని ఒక ప్రశ్న అడగాలి. దాని నుంచి ఏదో ఒక అంకె చదవాలి, అంతే. ఆ జవాబు అదే వంతెన మీదుగా, ముందున్న సరుకు వెనకాలే రావాలి. జవాబు అందిందంటే సరుకు చేరినట్టే.

ఆ ప్రశ్న మొదట్లో డ్రైవర్లో ఉండేది. చంటే రాశాడు. మెషీన్ మీద భారం ఎక్కువైపోతోంది, ఎక్కడైనా తగ్గించమని మేనేజరు వెంటపడితే, చంటి ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఈ ప్రశ్న తీస్తే ల్యాబ్‌లో ఏ తేడా రాలేదు. "బావా, ఇది తీసేయనా?" అని బల్ల మీంచి అడిగాడు. బావ ఏదో సోల్డరింగ్ చేస్తూ, "తేడా రాకపోతే తీసెయ్," అన్నాడు. ఆ సంగతి చంటికి ఇప్పుడు గుర్తొచ్చింది. బోర్డునే గనికి వెళ్లి కొలవాలని మేనేజరు ముందు గొంతెత్తి చెప్పినప్పుడు ఒక్కసారైనా గుర్తుకు రాని మాట.

మేనేజరు అంతా విన్నాడు. తలుపు మూశాడు. "మిగతా రెండు గనుల్లో ఎప్పుడైనా రిపీట్ అయినట్టు చెప్పారా?"

"చూసుకుని ఉండరు సార్. మెషీన్లు మాత్రం అవే."

"సరే. రిపేరుకి వెళ్లేటప్పుడు మామూలు అప్‌డేట్ లాగా వేసేద్దాం. ఇప్పుడు సైరన్ నమ్మొద్దని మనమే చెప్తే కంపెనీ ఉండదు. విచారణ కూడా నడుస్తోంది. నువ్వు ఎవరితోనూ అనకు, నేను చూసుకుంటా."

చంటి సరేనన్నాడు. ఆ సరే ఎలా వచ్చిందో తర్వాత ఎంత తలచుకున్నా అతనికి అర్థం కాలేదు. భయమా అంటే భయం కాదు. ఇక దాని గురించి ఇంకెవరో చూసుకుంటారంటే, ఒంట్లో బరువేదో దిగినట్టయింది, అంతే.

ఆ బరువు అక్క ఇంటి గుమ్మం దగ్గర మళ్లీ ఎక్కింది. అక్క వంటింట్లో నేల మీద కూర్చుని, బావ చొక్కాలు మడతపెట్టి సంచిలో పెడుతోంది. ఎవరికైనా ఇవ్వడానికి. చంటి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. వంతెన సంగతి, గంట సంగతి, తను తీసేసిన ప్రశ్న సంగతి. అక్కకి చదువుంది గానీ ఈ పని తెలియదు. అయినా ఆదివారాలు పదేపదే విన్నది కాబట్టి తేలిగ్గానే పట్టుకుంది.

"అంటే తప్పు నీ వైపుది," అంది.

"నా వైపుదే." అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "తీసేముందు బావని అడిగానక్కా. తీసెయ్ అన్నాడు."

అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "ఆయన మీద కూడా పెట్టావా."

"పెట్టడం కాదక్కా, జరిగింది చెప్తున్నా."

"జరిగింది నాకు తెలుసు. నువ్వు బోర్డుదే తప్పన్నావు, ఆయన వెళ్లాడు." ఆమె గొంతు పెరగలేదు. అదే చంటికి భరించడం కష్టమైంది. తిట్టినా, కొట్టినా పడేవాడు. ఆమే అడిగింది. "అది సరిగ్గా ఉంటే ఆ రోజు సైరన్ మోగేదా?"

"తెలియదక్కా. ఆ కంప్యూటరు రాళ్ల కింద నలిగిపోయింది. చప్పుళ్లు వచ్చాయో లేదో, వచ్చినవాటిలో ఎన్ని పోయాయో చెప్పడానికి ఏమీ మిగల్లేదు."

"ఎప్పటికీ తెలియదా?"

"తెలియదు."

ఆమె చొక్కా మడత పూర్తిచేసి సంచిలో పెట్టింది. ఇంకోటి అందుకోలేదు. "ఆ పెట్టెలు ఇంకా ఎక్కడ ఉన్నాయి?"

"ఇంకో రెండు గనుల్లో."

"వాళ్లకి చెప్పావా?"

"మేనేజరు చూసుకుంటానన్నాడు."

అక్క అతనివైపు చూసిన చూపుకి చంటి తల దానంతటదే వంగిపోయింది. "ఇప్పుడు కూడా లోపల మనుషులున్నారు కదరా," అంది. "ఫోను తియ్యి."

అక్కడే, చొక్కాల సంచి పక్కనే కూర్చుని ఫోన్ చేశాడు. రెండో గని మేస్త్రీకి వంతెన గురించి చెప్పబోతే, ఆయన మధ్యలోనే ఆపాడు. "బాబూ, అదంతా నాకు తలకెక్కదు గానీ, మోగాల్సినప్పుడు మోగకపోవచ్చు అంటున్నావు. అంతేనా?"

"అంతేనండీ."

"అయితే మావాళ్లని పైకి పిలుస్తా. మీ కంపెనీ నుంచి ఎవరైనా కాదంటే నీ పేరు చెప్తా, ఏమనుకోకు."

మూడో గనిలో మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆయన మాటలో కటువు లేదు, ఆదుర్దా ఉంది. పైనుంచి రాతపూర్వకంగా రానిదే పని ఆపితే తన ఉద్యోగం పోతుందనీ, ఫోన్లో ఎవరో చెప్పారని మనుషుల్ని బయటికి తేలేననీ అన్నాడు. "మీరే వచ్చి బాగుచేసి వెళ్లండి సార్, నేనేం వద్దనను," అన్నాడు చివరికి.

చంటి లేచాడు. అక్క కూడా లేచింది. "నువ్వెందుకక్కా," అంటే, "నువ్వు అక్కడిదాకా వెళ్లి ఇంకెవరికో సరేనని వచ్చేస్తావు," అంది. ఇద్దరూ గుమ్మం దాటారు.

గని గేటు దగ్గర మేస్త్రీ ఎదురొచ్చాడు. ఎండలో నిలబడి, వేరే అనుమతులేవో కావాలని మొదలుపెట్టాడు. అక్క ముందుకొచ్చింది. "మొన్న మొదటి గనిలో పోయిన ఇంజినీరు మా ఆయన. ఇలాంటి పెట్టె పక్కనే పోయాడు. మీవాళ్లని బయటికి పంపించమని నేను అడగను. వీణ్ణి లోపలికి పంపించండి, చాలు." మేస్త్రీ ఆమెని చూసి, చంటిని చూసి, తన టోపీ తీసి చంటి చేతిలో పెట్టాడు. పని జరిగే చోట ఉన్నవాళ్లని, పెట్టె బాగయ్యేదాకా, వెనక్కి రమ్మని మాత్రం కబురు పంపి, ఇంకో టోపీ పెట్టుకుని తనూ వెంట వచ్చాడు.

చంటి ఎప్పుడూ గనిలోకి దిగలేదు. తన ప్రోగ్రాం ఎక్కడ నడుస్తుందో బొమ్మల్లో చూడడమే. లిఫ్టు దిగుతుంటే చెవులు దిబ్బళ్లు వేశాయి. లోపల తడి, ఇనుప వాసన, తల ఎత్తితే తగిలేంత కిందికి కప్పు. గూట్లో పెట్టె ముందు కూర్చుంటే, వెనక మనిషి నిలబడే చోటు కూడా లేదు. బావ ఇలాంటి చోటే వంగి కూర్చుని, తన బోర్డు నిర్దోషి అని రుజువు చేయడానికి తీగలు తగిలించి ఉంటాడు. తప్పుడు అక్షరాలు పడ్డాయి, చెరిపి మళ్లీ కొట్టాడు. ప్రశ్న మళ్లీ పెట్టాడు. మేస్త్రీ సుత్తితో సెన్సారు పక్కన రాతి మీద దబదబా బాదితే సైరన్ మోగింది. మళ్లీ బాదించాడు, మళ్లీ మోగింది. ఇక చాలు సార్ అని మేస్త్రీ అనేదాకా బాదిస్తూనే ఉన్నాడు.

పైకి వచ్చేసరికి ఫోన్లో మేనేజరు పిలుపులు వరసగా ఉన్నాయి. రెండో గనివాళ్లు కంపెనీని నిలదీశారు. ఇక ఆఫీసుకి రానక్కర్లేదని చెప్పాడు మేనేజరు, అదీ మర్యాదగానే. చంటి సరే సార్ అని పెట్టేశాడు. రెండో గనిని బాగుచేయడానికి కంపెనీ వేరే మనిషిని పంపింది. అతనికి ఏం మార్చాలో చంటి ఫోన్లో చెప్పాడు.

విచారణ ఒక ప్రభుత్వ భవనంలో, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేదీ సరిగా వినపడని హాల్లో జరిగింది. చంటి జరిగిందంతా చెప్పాడు. ప్రశ్న ఉండి ఉంటే సైరన్ మోగేదా అని అధికారి అడిగితే, అక్కకి చెప్పిందే చెప్పాడు. అప్పుడు కంపెనీ తరఫు వకీలు లేచాడు.

"ఈ మార్పు మీరు ఒక్కరే చేశారా, ఎవరి సమ్మతైనా తీసుకున్నారా?"

చంటి వెనక వరసలో కూర్చున్న అక్క వైపు చూడలేదు. "బావని అడిగాను."

"అంటే చనిపోయిన ఇంజినీరే ఒప్పుకున్నారు. బోర్డు గురించి ఆయనకంటే తెలిసినవారు కంపెనీలో లేరు కదా?"

"లేరండీ. కానీ ఆయన వేరే పనిలో ఉన్నారు. అడిగింది నేను, ఎలా అడగాలో అలా అడగలేదు. పాత మెషీన్లో చూశావా అని ఆయన అడగలేదు, చూడలేదని నేను చెప్పలేదు. భారం తగ్గించమని మమ్మల్ని తరిమింది కంపెనీ."

వకీలుకి మొదటి ముక్క చాలు. నివేదికలో కూడా అదే మిగిలింది. ఇద్దరు ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకుని భద్రతకు సంబంధించిన ఒక అంశాన్ని తొలగించారనీ, అందులో ఒకరు మరణించారనీ, కప్పు కూలడానికి ముందు హెచ్చరిక అందేదో లేదో నిర్ధారించలేమనీ రాశారు. మేనేజరు ఊసు లేదు. డ్రిల్లు పనివాళ్ల ఇళ్లవాళ్లు ఆ నివేదిక చదివి, అక్క ఎదురుపడితే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల దృష్టిలో బావ కూడా చంపినవాళ్లలో ఒకడు.

నివేదిక వచ్చిన వారం చంటి అక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పక్కింటావిడ మునుపులా పలకరించకుండానే లోపలికెళ్లిపోయింది.

"నువ్వు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు," అంది అక్క. "ఆయన సరేనని అనే ఉంటాడు. పనిలో ఉంటే నాక్కూడా అలాగే అనేవాడు, వినకుండానే. కానీ ఆయన పేరు నీ నోట్లోంచి ముందు నా దగ్గర వచ్చింది, తర్వాత వాళ్ల దగ్గర వచ్చింది."

"అక్కా..."

"నిన్ను రావద్దని అనను. వస్తే కూర్చో. నాతో మాత్రం మాట్లాడకు. నాకు మాట్లాడాలనిపించిన రోజు నేనే మాట్లాడతా."

చంటి ఇప్పుడు ఒక చిన్న షాపులో పాత కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఆదివారం ఆదివారం అక్క ఇంటికి వెళ్తాడు. ఆమె రెండు కంచాలు పెడుతుంది. ఇద్దరూ తింటారు. తిన్నాక అతను గిన్నెలు కడిగి బోర్లించి, కాసేపు అరుగు మీద కూర్చుని, చీకటి పడకముందే లేచి వస్తాడు. ఆమె ఇంకా మాట్లాడలేదు.